యాభై దగ్గరపడ్డాక స్పోర్ట్స్ కారు: బరంపురం, రాయగడ, జయపురం వాళ్లకి ఏ సెకండ్‌హ్యాండ్ బండి నిలుస్తుంది

అప్పులు తీరాయి, పిల్లల చదువులు ఒడ్డున పడ్డాయి, మోకాళ్లు ఇంకా మాట వింటున్నాయి. ఈ మూడూ కలిసొచ్చిన వయసులో చాలామందికి ఎప్పటిదో ఓ కోరిక మళ్లీ తలెత్తుతుంది. రెండు డోర్లు, నేలకి ఆనినట్టుండే సీటు, తొక్కగానే వీపుని వెనక్కి నొక్కే ఇంజను. కొత్తదైతే మనలాంటి వాళ్లకి అందని ధర. పదేళ్లు వాడిందైతే ఓ పెద్ద ఎస్‌యూవీకి పెట్టే డబ్బుతో దొరుకుతుంది. దొరకడం దాకా తేలికే. దాన్ని బరంపురంలోనో రాయగడలోనో జయపురంలోనో పెట్టుకుని నడపడం వేరే లెక్క, హైదరాబాదు, బెంగళూరు వాళ్ల రివ్యూల్లో కనపడని లెక్క. వాళ్లకి వర్క్‌షాపు పావుగంట దూరం. జయపురం నుంచి వైజాగ్ రెండొందల కిలోమీటర్ల పైమాట, మధ్యలో సుంకి ఘాట్. బరంపురం వాళ్లకి అటు భువనేశ్వర్ సుమారు 170, ఇటు వైజాగ్ సుమారు 260.

అందుకే ఇక్కడ వరస మార్చి చూశాం. హార్స్‌పవర్ ఆఖర్న. ముందు చూడాల్సినవి మూడు: పాడైతే ఎక్కడికి మోయించుకెళ్లాలి, బండి పొట్ట నేలకి ఎంత ఎత్తులో ఉంది, గేర్‌బాక్స్ ఏ రకం. ఈ మూడింటి మీద నిలబెట్టి చూస్తే, ఒక్క కారుతోనే సరిపెట్టుకునే వాళ్లకి స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ 230. ఇంట్లో రోజువారీ తిరుగుడుకి ఇంకో బండి ఉండి, ఇది కేవలం ముచ్చటకే అనుకునే వాళ్లకి బీఎండబ్ల్యూ జెడ్4. తక్కువలో పని కానిచ్చుకోవాలంటే అబార్త్ పుంటో. మస్టాంగ్ మీద మోజు ఉన్నవాళ్లని ఆపలేం గానీ, దాని కష్టాలు కిందే రాశాం, చదివాక అడ్వాన్సు ఇవ్వండి.

పొట్ట సంగతి

స్పీడ్ బ్రేకర్ అంటే అందరూ ఎత్తు గురించే మాట్లాడతారు. అసలు దెబ్బ వెడల్పు దగ్గర ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత ప్రకారం గుండ్రటి హంప్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అలా కట్టిన దాని మీద కారు మధ్యకి వచ్చేసరికి రెండు జతల చక్రాలూ ఇంకా హంప్ మీదే ఉంటాయి. లెక్క కడితే నడిమి భాగం కిందకి పొడుచుకొచ్చే ఎత్తు ఐదు సెంటీమీటర్లకి అటూ ఇటూ అంతే. ఎంత కిందకున్న కారైనా దాటేస్తుంది. మన ఊళ్ల దగ్గర పంచాయతీ వాళ్లో, యాక్సిడెంట్ అయ్యాక కోపంతో జనమో పోసిన కాంక్రీటు గట్టు అలా ఉండదు. అర మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు. ముందు చక్రాలు దిగిపోతాయి, వెనకవి ఇంకా ఎక్కవు, గట్టు మొత్తం ఎత్తూ పొట్ట కిందే ఉంటుంది. అక్కడ బతికేది ఎస్‌యూవీలే.

కాబట్టి చూడ్డానికి వెళ్లేటప్పుడు జేబులో టేపు పెట్టుకోండి. ఇద్దరు కూర్చున్నాక, ట్యాంకు నిండాక, బండి కింద అన్నిటికన్నా దిగువనున్న చోటు కొలవండి. చాలా కార్లకి అది ఇంజను కింది ప్లాస్టిక్ పళ్లెమో, సైలెన్సర్ పైపు జాయింటో అవుతుంది. 13 సెంటీమీటర్ల లోపు వస్తే మీరు రోజూ తిరిగే దారిలో గట్లని ముందే ఒకసారి తిరిగి చూసుకోవాలి. ఏటవాలుగా, ఒక్కో చక్రం విడిగా ఎక్కేలా దాటిస్తే రెండు మూడు సెంటీమీటర్లు కలిసొస్తాయి. ఇంటి ముందు కాలవ మీద వేసిన పలక, గ్యారేజీ ర్యాంపు వాలు కూడా కొలవండి. ముందు బంపరు పెదవి ఊడొచ్చేది రోడ్డు మీద కన్నా ఇంటి గుమ్మంలోనే ఎక్కువ.

పదహారో నంబరు హైవే మీద ఈ బాధ లేదు. తప్తపాణి ఘాట్ అయినా, సాలూరు నుంచి పొట్టంగి ఎక్కే సుంకి ఘాట్ అయినా ఈ బండ్లకి పుట్టిల్లే. కాకపోతే ఖనిజం లారీల వెనక పడ్డామంటే ఏ కారైనా ఒకటే.

ఆక్టావియా ఆర్‌ఎస్ 230

నాలుగు డోర్లున్న బండిని స్పోర్ట్స్ కారంటారేమిటని మొహం చిట్లించకండి. 2017లో మన దేశంలో 24.62 లక్షల షోరూమ్ ధరకి వచ్చింది. రెండు లీటర్ల టర్బో పెట్రోలు, 230 హార్స్‌పవర్, 350 న్యూటన్ మీటర్ల టార్క్, ఆరు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్. కుటుంబాన్ని కూర్చోబెట్టుకుని సింహాచలం వెళ్లి రావచ్చు, మర్నాడు పొద్దున్నే ఒక్కరే మోహన ఊరి దాకా వెళ్లి రావచ్చు. డిక్కీలో బియ్యం బస్తా పడుతుంది. ఈ రివ్యూలో దీన్ని ముందు పెట్టడానికి అసలు కారణం మాత్రం ఇది ఔరంగాబాద్‌లో బిగించిన బండి కావడం. ఇంజను కుటుంబం, సస్పెన్షన్, బ్రేకుల్లో చాలా సామాన్లు మామూలు ఆక్టావియా, సూపర్బ్‌లతో కలుస్తాయి. 2020లో వచ్చిన ఆర్‌ఎస్ 245 ఇంకా చురుకైనది, అయితే అది మొత్తంగా దిగుమతి చేసిన బండి, వచ్చినవి 200. దిగుమతి అన్న మాట పదిహేనేళ్ల తర్వాత ఆర్టీవో ఆఫీసులో గుర్తొస్తుంది, అది కాగితాల దగ్గర చెబుతాం.

డీఎస్‌జీ అనగానే చాలామంది భయపడతారు. ఆ భయం సగం వేరే గేర్‌బాక్స్‌ది. పోలో జీటీ టీఎస్‌ఐలో ఉన్న ఏడు గేర్లది డ్రై క్లచ్ రకం, డీక్యూ200. అందులో గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్‌కి ఉండే ప్రెషర్ అక్యుములేటర్ (ఆయిల్ ఒత్తిడి నిలిపే భాగం) దగ్గర అల్యూమినియం పగిలి ఆయిల్ కారిపోతుంది, స్కానర్‌లో పి17బీఎఫ్ కోడు వస్తుంది, బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. ఆర్‌ఎస్ 230లో ఉన్నది వెట్ క్లచ్ డీక్యూ250. క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి కాబట్టి వేడి తట్టుకుంటుంది. దానికి కావాల్సింది ఒకటే: ప్రతి 60,000 కిలోమీటర్లకి గేర్ ఆయిలూ ఫిల్టరూ మార్చడం, ఐదారు లీటర్లు పడుతుంది. సర్వీసు బిల్లుల్లో ఆ ఒక్క లైను వెతకండి. లేకపోతే ధరలో కోత పెట్టండి. లైను లేదు, మీటరు మీద కిలోమీటర్లు 80 వేలు దాటాయంటే వదిలేయడమే మేలు.

టెస్ట్ డ్రైవ్‌లో ఇలా చూడండి. ఇంజను వేడెక్కాక, చిన్న ఎత్తు మీద బ్రేకు వదిలి యాక్సిలరేటర్ ముట్టుకోకుండా పాకనివ్వండి. వణుకు రాకూడదు. రివర్స్‌లోనూ అదే చేయండి. తర్వాత మెల్లగా ఆగుతూ రెండు నుంచి ఒకటికి దిగేటప్పుడు వెనక నుంచి తన్నినట్టు అనిపిస్తుందేమో గమనించండి. ఇంజను కింద చూడాల్సింది కూలెంట్. థర్మోస్టాట్, వాటర్ పంపు కలిసి ఒకే ప్లాస్టిక్ గూటిలో ఉంటాయి, ఇంటేక్ మానిఫోల్డ్ కింద. ఈ ఇంజన్లకి అది కారడం మామూలు జబ్బే. ఆరిపోయిన కూలెంట్ గులాబీ రంగు పొక్కులా అంటుకుని ఉంటుంది. టార్చి వేసి చూడాలి. అది కనిపించినంత మాత్రాన బండి వద్దనక్కర్లేదు, ఆ పని ఖర్చు అమ్మేవాడి మీద వేయాలి.

ఇక రీమ్యాప్, అంటే ఇంజను కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్చి శక్తి పెంచడం. ఈ బండిని కొన్న కుర్రాళ్లలో చాలామంది ఊరుకోరు, స్టేజ్ 1 అనే మొదటి మెట్టు రీమ్యాప్ చేయించేస్తారు. ఆ గేర్‌బాక్స్‌ని మొదట తయారుచేసింది 350 న్యూటన్ మీటర్లకి, కంపెనీ ఇచ్చిందీ అంతే. దాని మీద ఇంకో 80, 90 పెంచి రెండేళ్లు తొక్కి, మళ్లీ కంపెనీ ప్రోగ్రాం (స్టాక్ ఫైలు) వేసి అమ్ముతారు. మామూలు స్కానర్‌కి తెలియదు. కంపెనీ వర్క్‌షాపులో ఆన్‌లైన్‌కి కలిపితే ఆ ఛాసిస్ నంబరు మీద రీమ్యాప్ చేశారని తెలిపే టీడీ1 అనే గుర్తు పడి ఉందో లేదో చెప్పగలరు. డబ్బు కట్టి అయినా ఆ చెకప్ చేయించండి.

బీఎండబ్ల్యూ జెడ్4

ఇది 2009లో వచ్చిన తరం, ఈ89 అంటారు. మన దగ్గర ఎక్కువగా దొరికేది ఎస్‌డ్రైవ్35ఐ. మూడు లీటర్లు, వరసగా ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు, 306 హార్స్‌పవర్, వెనక చక్రాలకి శక్తి. ముక్కు పొడుగ్గా ఉంటుంది, మనం దాదాపు వెనక ఇరుసు మీద కూర్చుంటాం. రేకు కప్పు 20 సెకన్లలో మడిచి డిక్కీలో పెట్టేసుకుంటుంది. గోపాల్‌పూర్ బీచ్ రోడ్డు మీద నవంబరు సాయంత్రం కప్పు తీసి వెళ్తే ఈ జాబితాలో ఇంకే బండీ దీనికి సాటిరాదు. ఆ మాట ఒప్పుకున్నాక జబ్బులు చూద్దాం, ఎందుకంటే చాలానే ఉన్నాయి.

ఈ ఇంజను పేరు ఎన్54. గొప్ప ఇంజనే, పట్టించుకోని ఓనరు చేతిలో పడితే మాత్రం జేబు ఖాళీ. చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి, ముందే స్టార్ట్ చేయొద్దని అమ్మేవాడికి చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని తేల్చుకున్నాకే బటన్ నొక్కండి. మామూలుగా పట్టుకోవాల్సిన ఇంజను మూడు నాలుగు సెకన్లు తిరిగి తిరిగి పట్టుకుంటే హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు మీద అనుమానం పెట్టుకోవాలి. పట్టుకున్నాక గతుకుతూ ఉంటే ఇంజెక్టర్లు. వేడెక్కాక ఐడిల్‌లో, గేరు మార్పుల్లో డబ్బాలో చిల్లర కదిలినట్టు గలగల వినిపిస్తే టర్బోల వేస్ట్‌గేట్ (అదనపు ఎగ్జాస్ట్ ఒత్తిడి వదిలే తలుపు) అరిగింది. ఇంజెక్టర్ల మీద ఇండెక్స్ నంబరు ఉంటుంది. 12 అని ఉంటే చివరి సవరణ, నమ్మొచ్చు. ఎప్పుడు మార్చారో, ఎన్ని మార్చారో బిల్లు అడగండి.

తర్వాత ఆయిల్ కారుడు. వాల్వ్ కవరు గ్యాస్కెట్, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గ్యాస్కెట్ రెండూ గట్టిపడి కారతాయి. రెండోది పైకి చిన్న పనిలా కనిపిస్తుంది గానీ ప్రమాదం దాంతోనే. కారిన ఆయిల్ నేరుగా బెల్టు మీద పడుతుంది, బెల్టు ఉబ్బి జారి, పీలికలై క్రాంక్ సీలు గుండా ఇంజనులోకి లాక్కుపోతుంది. అప్పుడు ఇంజను విప్పడమే. టార్చి వేసి బెల్టు మీద తడి ఉందేమో చూడ్డానికి రెండు నిమిషాలు పట్టదు, చూడని వాళ్లే ఎక్కువ. వాటర్ పంపు కరెంటుతో నడుస్తుంది, లక్ష కిలోమీటర్ల దగ్గర ముందస్తు హెచ్చరిక లేకుండా ఆగిపోతుంది. అది, థర్మోస్టాటు కలిపి మార్చేశారంటే ఆ ఓనరు తెలిసినవాడని అర్థం. ఆయిల్ చూసుకోడానికి డిప్‌స్టిక్ ఉండదు, స్క్రీన్ మీదే చూడాలి. పట్టేది 6.5 లీటర్లు, మామూలు దుకాణంలో దొరికే డబ్బా కాదు, బీఎండబ్ల్యూ ప్రమాణం ఎల్ఎల్-01 అని రాసి ఉండాలి.

కప్పుని మూడుసార్లు తెరిచి మూయించండి, ఒక్కసారితో సరిపెట్టుకోవద్దు. డిక్కీలో ఉండే మడత పరదా సరిగ్గా తగిలించకపోతే కప్పు కదలదు. చాలామంది దాన్నే పాడైందనుకుని బేరం వదులుకుంటారు. నిజంగా పాడైన చోటు వేరే ఉంది. డిక్కీ మూత కీలు దగ్గర వంగుతూ నిటారవుతూ ఉండే వైర్ల కట్ట ఏళ్ల తరబడి మడతపడి తెగుతుంది. ఒకరోజు కప్పు సగంలో ఆగుతుంది. ఆ కట్ట చుట్టూ నల్ల టేపు కొత్తగా చుట్టి కనిపిస్తే ఇదివరకే ఒకసారి అతుకేశారన్నమాట. తర్వాత కప్పు మూసి, పైపుతో పదినిమిషాలు నీళ్లు కొట్టించి, సీట్ల వెనక, డిక్కీ మూలల్లో చెయ్యి పెట్టి తడి చూడండి. జూన్ నుంచి అక్టోబరు దాకా మన దగ్గర కురిసే వానకి ఈ పరీక్ష చేయకుండా కన్వర్టిబుల్ కొనడం దండగ పని.

స్టెప్నీ లేదు. కంపెనీ ఇచ్చినవి రన్‌ఫ్లాట్ టైర్లు, గాలి పోయినా మెల్లగా కొంత దూరం వెళ్లొచ్చు, గోతిలో పడితే మాత్రం పక్క గోడ గట్టిగా ఉండడం వల్ల దెబ్బంతా రిమ్ముకి పోతుంది. 19 అంగుళాల చక్రాలున్న బండి ఫొటోలో బాగుంటుంది. మోహన దగ్గర గోతిలో పడ్డాక బాగుండదు. 17 లేక 18 ఉన్నది చూసుకోండి, చక్రాలు విప్పించి లోపలి అంచున పగులో వెల్డింగో ఉందేమో చూడండి. డిక్కీ కప్పు పైకి ఉన్నప్పుడు 310 లీటర్లు, మడిస్తే 180. ఇద్దరి రెండు రోజుల బట్టలు పడతాయి, పిండివంటల డబ్బాలు పడవు.

ఇంకో సంగతి, ఈ వయసులో సిగ్గుపడకుండా చూసుకోవాల్సింది. ఎక్కడం దిగడం వరసగా పదిసార్లు చేయండి, పంచె కట్టే అలవాటుంటే పంచెతోనే. నడుం అభ్యంతరం చెబితే బేరం అక్కడే ఆపేయొచ్చు.

ఆగిపోతే తాడు కట్టి లాగించొద్దు. వెనక చక్రాలు నేల మీద తిరుగుతుంటే దీని డబుల్ క్లచ్ గేర్‌బాక్స్ లోపల ఆయిల్ తిరగక కాలిపోతుంది. ఫ్లాట్‌బెడ్ లారీ మీద ఎక్కించడం ఒక్కటే దారి. ఇన్సూరెన్సుతో వచ్చే రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌లో ఎన్ని కిలోమీటర్ల దాకా మోస్తారో చదువుకోండి. అది 50 అని ఉంటే రాయగడ వాళ్లకి దాదాపు లేనట్టే, ఆ పైదంతా మీ జేబులోంచే.

అబార్త్ పుంటో

2015లో 9.95 లక్షలకి వచ్చింది. 1.4 టీ-జెట్ టర్బో, 145 హార్స్‌పవర్, 212 న్యూటన్ మీటర్లు, ఐదు గేర్ల మాన్యువల్, నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు, పొట్ట కింద 155 మిల్లీమీటర్లు. ఈ చివరి అంకె వల్లే ఇది మన ఊళ్లలో మిగతావాటికన్నా నిశ్చింతగా తిరుగుతుంది. స్టీరింగ్ హైడ్రాలిక్, రోడ్డు చేతికి తెలుస్తుంది. ఎలక్ట్రిక్ స్టీరింగులకి అలవాటు పడ్డ చేతికి మొదటి రోజే తేడా కనిపిస్తుంది. గేర్‌బాక్స్ మాన్యువల్ కాబట్టి క్లచ్ పోయినా ఊళ్లో మంచి మెకానిక్ మార్చగలడు. చిక్కు కంపెనీది, ఫియట్ ఇక్కడ కార్లమ్మడం ఆపేసింది. ఇంజను సామాన్లు లీనియా టీ-జెట్‌తో కలుస్తాయి, తిప్పలు పడేది బంపరు, హెడ్‌లైటు లాంటి బాడీ సామాన్లకే. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజను ఇది. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నది పక్కన పెట్టి, కొన్న వారంలోనే బెల్టూ టెన్షనరూ వాటర్ పంపూ కలిపి మార్పించండి. రబ్బరు వయసుతోనే ఎండిపోతుంది, తెగితే వాల్వులు వంగుతాయి. 195/55 ఆర్16 టైరు, ఎక్కడైనా దొరికే సైజే.

మస్టాంగ్, మిగతావి

2016లో వచ్చిన ఐదు లీటర్ల వీ8, 401 హార్స్‌పవర్, 515 న్యూటన్ మీటర్లు. స్టార్ట్ చేస్తే వీధి చివరి దాకా తెలుస్తుంది. ఇంజను మొండిది, గేర్‌బాక్స్ మామూలు ఆటోమేటిక్, టార్క్ కన్వర్టర్ రకం, ఈ జాబితాలో యాంత్రికంగా భయం తక్కువున్నది నిజానికి ఇదే. అయినా దీన్ని వెనక్కి నెట్టాం. వెడల్పు దాదాపు 1.9 మీటర్లు, పర్లాకిమిడి పాత బజారులో ఎదురుగా ఆటో వస్తే ఇద్దరిలో ఒకరు వెనక్కి వెళ్లాల్సిందే. పొట్ట 14 సెంటీమీటర్ల లోపే. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. సర్వీసు ఉన్నా, ఒక హెడ్‌లైటు పగిలితే సముద్రం దాటి రావాలి. కార్లని ఢీకొట్టించి భద్రత పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ వాళ్లు 2017లో దీనికి మొదట రెండే స్టార్లు ఇచ్చారన్నది కూడా గుర్తుంచుకోండి. ఐదారు రోజులు ఇంట్లో పెట్టి ఆదివారం బయటికి తీసేవాళ్లకి, వెడల్పాటి గేటున్న వాళ్లకి సరే.

మినీ కూపర్ ఎస్ కొనాలంటే 2014 తర్వాతి తరం చూడండి, రెండు లీటర్ల ఇంజనుది. అంతకు ముందు తరం 1.6 టర్బోలో టైమింగ్ చైన్ టెన్షనర్ వదులై పొద్దున్నే కటకట కొట్టే జబ్బుంది. పోర్షే బాక్స్టర్, కేమన్ 2009కి ముందువి అయితే ఇంజను లోపల బోరు గీతలు పడ్డాయో లేదో ఎండోస్కోపు పెట్టి చూడకుండా ముట్టుకోవద్దు, మన జిల్లాల్లో ఆ పని చేసేవాళ్లు లేరు. ఆడీ టీటీ బాగుంటుంది, వెనక ఇరుసుకి శక్తి పంపే హాల్డెక్స్ యూనిట్ ఆయిల్ మార్చిన బిల్లుంటేనే.

నీళ్లలో మునిగిన బండి

అమ్మేవాడి మాట ఎప్పుడూ ఒకటే ఉంటుంది: "వన్ ఓనర్ సార్, డాక్టరు గారి బండి, ఆదివారం తప్ప తీయలేదు." ఆ డాక్టరు గారిల్లు ఏ ఊళ్లో అన్నది అడగండి. చెన్నై 2015 డిసెంబరు, 2023 డిసెంబరు. హైదరాబాదు 2020 అక్టోబరు. విజయవాడ 2024 సెప్టెంబరు. మన వైపే చూసుకున్నా 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ. ఈ తేదీల్లో ఆ ఊళ్లలో ఉన్న బండి ఎక్కడ నిలబెట్టి ఉందో తెలుసుకోవాలి. తక్కువ పొట్ట ఉన్న కారుకి మోకాలి లోతు నీళ్లు చాలు, సీట్ల కిందున్న కంప్యూటర్ డబ్బాలు మునగడానికి.

సీటు బెల్టుని పూర్తిగా, చివరి అంగుళం దాకా బయటికి లాగండి. రోజూ వాడకంలో రాని ఆ చివరి భాగంలో బురద గీత నిలిచిపోతుంది, కడిగినా పోదు. కార్పెట్ అంచు ఎత్తి కింది స్పాంజి నొక్కండి. ఫ్యూజు బాక్సు తెరిచి రాగి పిన్నుల మీద పచ్చదనం చూడండి. హెడ్‌లైటు లోపల అడ్డంగా మట్టి గీత ఉందేమో చూడండి. ఏసీ రీసర్క్యులేషన్‌లో పెట్టి, అద్దాలు మూసి, వేడి గాలి ఐదు నిమిషాలు నడపండి. ఎంత సెంటు కొట్టినా ముక్కవాసన బయటపడుతుంది. పాలసీ నంబరు తీసుకుని ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిముల చరిత్ర అడగండి.

పెయింటు మందం చూసే మీటరు రెండు మూడు వేలకి దొరుకుతుంది, కొనేయండి. కంపెనీ పెయింటు 90 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. 300 దాటితే కింద టింకరింగ్ చేసి పుట్టీ నింపినట్టే. డోరు మీద పడ్డ చిన్న గీతకి పెయింటు వేయించడం తప్పు కాదు. రూఫు అంచున, ముందు స్తంభాల మీద ఆ అంకె వస్తే లేచిపోండి. టైర్ల మీద నాలుగంకెల కోడు చదవండి, 2319 అంటే 2019లో 23వ వారం. నాలుగు టైర్లూ ఐదారేళ్లు దాటితే ఎంత గాడి మిగిలున్నా కొత్తవే లెక్క వేసుకోండి.

కాగితాలు

పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్లు, పదేళ్లు దాటిన డీజిలు కార్లు తిరగకూడదని ఢిల్లీలో పెట్టిన నియమం వల్ల అక్కడ పాత స్పోర్ట్స్ కార్లు చవగ్గా కనిపిస్తాయి. చవక నిజమే, మన ఆర్టీవోలో దించేసరికి ఆ చవకలో సగం పోతుంది. వేరే రాష్ట్రం బండికి ముందు అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ. బ్యాంకు లోను ఉంటే ఫారం 35తో హైపోథికేషన్ తీయించాలి. యాజమాన్యం మార్పుకి 29, 30. ఇక్కడ కొత్త నంబరుకి ఫారం 27. గంజాం వాళ్లకి ఓడీ-07, గజపతికి ఓడీ-20, రాయగడకి ఓడీ-18, కోరాపుట్‌కి ఓడీ-10. రోడ్ ట్యాక్స్ మళ్లీ ఇక్కడ కట్టాలి. అది బండి కొత్తప్పటి ధర, వయసు చూసి వేస్తారు కాబట్టి మీరు ఎంతకి కొన్నారన్నది వాళ్లకి అక్కర్లేదు. అరవై లక్షల బండిని ఇరవైకి కొని ఇరవై మీద ట్యాక్స్ లెక్కేసుకున్న వాళ్లు కౌంటరు దగ్గర కంగుతింటారు. అసలు ఇన్‌వాయిస్ కాపీ అమ్మేవాడి దగ్గరే పుచ్చుకోండి, బేరానికి ముందే ఆ ట్యాక్స్ ఎంతో కనుక్కోండి.

ఇచ్ఛాపురంలో అత్తారింటి అడ్రసు పెట్టి ఏపీ నంబరుతోనే నడిపేద్దామన్న ఉపాయం పాతదే. మోటారు వాహనాల చట్టం 12 నెలలు దాకే ఒప్పుకుంటుంది. బరంపురం వీధుల్లో ఎర్ర కన్వర్టిబుల్ ఏ నంబరుతో తిరుగుతోందో పట్టుకోవడం ఎవరికీ కష్టం కాదు.

పదిహేనేళ్లు నిండాక ఆర్‌సీ రెన్యువల్ ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చిన ఫీజుల ప్రకారం ఇక్కడ తయారైన కారుకి 5,000, దిగుమతి కారుకి 40,000. ఆర్‌ఎస్ 230కీ, మస్టాంగ్‌కీ తేడా ఇక్కడ తెలుస్తుంది. 2010 నాటి జెడ్4 అయితే ఈ ఖర్చు ఇప్పటికే నెత్తి మీదకి వచ్చేసింది, అది అమ్మేవాడు చేయించి ఇస్తాడా అన్నది బేరంలో మొదటి మాట కావాలి. ఇన్సూరెన్సు 14 రోజుల్లో మీ పేరుకి మార్పించుకోండి. నో క్లెయిమ్ బోనస్ పాత ఓనరుతోనే పోతుంది, బండితో రాదు.

కొన్నాక

కొన్న ధరలో ఐదోవంతు పక్కన పెట్టనివాళ్లు ఈ పనికి దిగకండి. మొదటి ఆరు నెలల్లో అది ఖర్చవుతుంది: ఆయిళ్లన్నీ, బ్రేకు ఫ్లూయిడ్, ప్లగ్గులు, బ్యాటరీ, నాలుగు టైర్లు, రెండు మూడు బుష్‌లు. జెడ్4లో బ్యాటరీ మార్చి వదిలేయకూడదు, స్కానర్‌తో కొత్త బ్యాటరీ అని బండికి చెప్పించాలి. లేకపోతే పాతదానికిచ్చిన లెక్కలోనే చార్జింగ్ ఇచ్చి కొత్తదాన్నీ తినేస్తుంది.

పెట్రోలు 95 ఆక్టేన్ దొరికిన చోట అదే వాడండి. ఇప్పుడు పంపుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసింది, అది గాల్లో తేమని పీల్చుకుంటుంది. 2010 నాటి రబ్బరు పైపులు ఆ పెట్రోలుని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. వానాకాలం నెల రోజులు బండి తీయనప్పుడు ట్యాంకు నిండుగా ఉంచండి, ఖాళీ ఉంటే లోపలి గాల్లో తేమ చేరుతుంది. పెట్రోలు పైపులు ఏడాదికోసారి లిఫ్ట్ మీద ఎత్తి చేత్తో నొక్కి చూడాలి, మెత్తబడినవి మార్చేయాలి.

గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు ఇళ్లున్న వాళ్లకి ఉప్పుగాలి ఇంకో పగ. వాడకపోతే వారంలో బ్రేకు డిస్కులు ఎర్రబడతాయి, ఏసీ కండెన్సర్ రెక్కలు తెల్లగా పొడిపొడి అవుతాయి. పది రోజులకోసారి పొట్ట కింద మంచినీళ్లతో కొట్టించి, వెంటనే ఓ పది కిలోమీటర్లు నడిపి బ్రేకులు గట్టిగా నాలుగుసార్లు తొక్కండి. తడి డిస్కుల మీద హ్యాండ్‌బ్రేక్ వేసి నిలబెట్టొద్దు, ప్యాడ్ అతుక్కుపోతుంది. మాన్యువల్ అయితే గేర్లో, ఆటోమేటిక్ అయితే పీలో పెట్టి, చక్రం కింద చెక్క దుంగ అడ్డం పెట్టండి.